ప్లాస్టిక్ సీసాతో చమురు బావికి బిరడా!

పాత ప్లాస్టిక్‌ని రెసిన్‌గా (పోసేటప్పుడు ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే జిగురు లాంటి పదార్థంగా) మార్చి, పనైపోయిన చమురు, గ్యాస్ బావుల్ని దాంతో మూసేయొచ్చన్న మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. చెత్తకి చెత్తా పోయింది, బావికి మూతా దొరికింది అని కొందరు సంబరపడుతూ రాశారు, భూమికి ప్లాస్టిక్ ఇంజెక్షన్ ఇస్తారా అని కొందరు మండిపడుతూ రాశారు. ఒకే ప్రశ్నని పది రకాలుగా అడిగినవి పక్కనపెట్టి మిగతావాటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడమ్, చమురు అయిపోయిన బావి నోటికి ఓ ఇనుప పలక వెల్డింగ్ చేసి వదిలేస్తే పోయేదానికి సిమెంట్ అనీ రెసిన్ అనీ ఇంత హడావుడి ఎందుకు? – ఓ రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: పలక వేసి వదిలేసిన బావులు బోలెడున్నాయండీ, తలనొప్పంతా వాటితోనే. చమురు బావి అనగానే మనకి వెడల్పాటి నుయ్యి కళ్ళముందు మెదులుతుంది కానీ అది అడుగున జానెడు వెడల్పు కూడా ఉండని, కిలోమీటర్ల లోతున్న సన్నటి రంధ్రం. అందులోకి ఉక్కు గొట్టం దించుతారు, దాన్నే కేసింగ్ అంటారు. గొట్టానికీ చుట్టూ ఉన్న రాయికీ మధ్య మిగిలిన సందులో సిమెంట్ నింపుతారు. లాభం రావట్లేదని మనం పంపు ఆపేసినంత మాత్రాన కింద రాతిపొరల్లో ప్రెజర్ ఆగదు. మిగిలిన గ్యాసు, దానితోపాటు ఉప్పునీళ్ళు ఎటు సందు దొరికితే అటు పైకి పాకుతాయి. దారిలో మంచినీటి పొరలు తగులుతాయి. పలక ఉన్నది నేల మట్టంలో. అప్పటికే జరగాల్సిన నష్టం కింద జరిగిపోయి ఉంటుంది, పైగా ఆ పలక కింద ప్రెజర్ పేరుకుని అదో ప్రమాదం.

అందుకని మూయాల్సింది లోపల, చమురు పొర మీద కప్పులా ఉండే గట్టి రాయికి ఎదురుగా ఒకచోట, మంచినీటి పొరల దగ్గర ఒకచోట, ఇలా వేర్వేరు లోతుల్లో. గొట్టం లోపలా మూయాలి, గొట్టం వెలుపల ఉన్న సందూ మూసుకుని ఉండాలి. ఈ రెండోదే అసలు కష్టం.

అమెరికాలో పెన్సిల్వేనియాలో డ్రేక్ తవ్వించిన మొదటి చమురు బావి 1859 నాటిది, లోతు 21 మీటర్లే. ఆ తర్వాత అక్కడ కొన్ని దశాబ్దాలపాటు ఎవరికి తోచినట్టు వాళ్ళు తవ్వేసి, చెట్ల మొద్దులూ రాళ్ళూ కుక్కి వెళ్ళిపోయారు. ఆ దేశంలో వదిలేసిన బావులు 30 లక్షలకు పైనే ఉంటాయని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. యజమాని ఎవరో కూడా తేలని బావుల్ని మూయడానికి 2021లో చేసిన చట్టంలో 470 కోట్ల డాలర్లు కేటాయించారు. వాటిలోంచి కారేది ఎక్కువగా మీథేన్. మొదటి 20 ఏళ్ళ లెక్కలో చూస్తే బరువుకి బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే వాయువు అది. హడావుడి ఎందుకో ఇప్పుడు చెప్పండి.

ప్రశ్న: నూరేళ్ళుగా సిమెంట్ వాడుతున్నారు కదా. దానికొచ్చిన లోపం ఏమిటి? రెసిన్ అమ్ముకునేవాళ్ళు పుట్టించిన భయం కాదు కదా? – సివిల్ కాంట్రాక్టర్

జవాబు: భయం నిజమే, కాకపోతే అమ్మకందార్లు చెప్పినంత పెద్దదీ కాదు. చాలా బావుల్లో సిమెంట్ చక్కగానే పనిచేస్తోంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఎలా పోయాలో పనివాళ్ళకి కొట్టిన పిండి, పైగా వేడి నీళ్ళకీ ప్రెజర్‌కీ దశాబ్దాలుగా తట్టుకున్న చరిత్ర ఉంది. నన్నడిగితే మొదటి ఓటు ఇప్పటికీ సిమెంట్‌కే.

లోపం ఎక్కడంటే, సిమెంట్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. అదీకాక పెళుసు. బావిలో ఇన్నేళ్ళూ ప్రెజర్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, వేడి మారుతూ ఉంటుంది, దాన్నిబట్టి ఉక్కు గొట్టం ఉబ్బుతుంది, సన్నబడుతుంది. ఉక్కు సాగి వెనక్కి వచ్చేస్తుంది, సిమెంట్ రాదు, వదిలేస్తుంది. అలా గొట్టానికీ సిమెంట్‌కీ మధ్య కంటికి ఆనని సందు పడుతుంది.

ఆ సందు ఎంతుంటుందో లెక్క వేద్దాం. మీరు కాంట్రాక్టర్ కాబట్టి లెక్క ఇష్టపడతారు. 7 అంగుళాల కేసింగ్ తీసుకోండి, చుట్టుకొలత దాదాపు 56 సెంటీమీటర్లు. చుట్టూ 50 మైక్రాన్ల సందు ఉందనుకుందాం, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు, సన్నటి వెంట్రుక మందం. మొత్తం వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. ఒకేచోట పోగేస్తే పెన్సిల్ కన్నా కాస్త సన్నటి బెజ్జం! సందు రూపంలో ఉంది కాబట్టి అందులోంచి బెజ్జంలోంచి వచ్చినంత గ్యాస్ రాదు, రాపిడి ఎక్కువ. ఇలాంటి సందులో ప్రవాహం వెడల్పు ఘనాన్నిబట్టి మారుతుంది. సందు రెట్టింపైతే లీకు ఎనిమిది రెట్లు, సగమైతే ఎనిమిదో వంతు. అందుకే ఇక్కడ మైక్రాన్ల కోసం కొట్టుకుంటారు.

దీన్ని పూడ్చడానికి మళ్ళీ సిమెంటే ప్రెజర్‌తో కొడితే (స్క్వీజ్ జాబ్ అంటారు) ఏమవుతుంది? సిమెంట్ అంటే నీళ్ళలో తేలాడే పొడి. ఆ రేణువులు పదుల మైక్రాన్లు ఉంటాయి. సందు నోటి దగ్గరే ఒకదానికొకటి అడ్డంపడి ఆగిపోతాయి, నీళ్ళు మాత్రం లోపలికి పోతాయి. సన్నగా నూరిన సిమెంట్ ఉంది, అది కొంచెం నయం. రెసిన్‌లో అసలు రేణువులే లేవు, పలచటి నూనెలా సందులోకి జారి అక్కడ గట్టిపడుతుంది. పై లెక్కలోని సందు 100 మీటర్ల పొడవునా నింపడానికి ఎంత రెసిన్ కావాలో తెలుసా? మూడు లీటర్లు కూడా పట్టదు. లోపలికి చేర్చేటప్పుడు వృథా అయ్యేది వేరే సంగతి. ఖరీదైన సరుకైనా రెసిన్ గిట్టుబాటు అయ్యేది ఇలాంటి చోటే. మొత్తం బావి దాంతో నింపుదామనుకుంటే జేబు ఖాళీ.

ప్రశ్న: పాత ప్లాస్టిక్‌ని కరిగించి వేడివేడిగా బావిలో పోసేస్తే చల్లారి గట్టిపడుతుంది కదా. ఈ కెమిస్ట్రీ అంతా దేనికి? – డిగ్రీ విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడిగారు, తప్పేం లేదు, ఎవరికైనా ముందు తట్టేది ఇదే. పని జరగదు. పాల కవర్లు, షాంపూ డబ్బాల్లో ఉండే పాలిథీన్ 110 నుంచి 130 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బావిలో కిలోమీటరు లోతుకి పోతే సాధారణంగా పెరిగేది 25, 30 డిగ్రీలే. అంటే పోసిన ప్లాస్టిక్ అడుగు చేరకముందే చల్లటి గొట్టానికి అంటి గడ్డకడుతుంది. పోనీ గొట్టాన్ని వేడిచేసి దించారే అనుకోండి, కరిగిన ప్లాస్టిక్ చిక్కటి పాకం, వెంట్రుక సందులోకి చచ్చినా దూరదు. పైగా పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీళ్ళకన్నా తేలిక. బావిలో ఉండేది నీళ్ళు, అందులోనూ చాలాసార్లు ఉప్పునీళ్ళు, ఆ ప్లాస్టిక్ కాస్తా పైకి తేలి కూర్చుంటుంది.

ఇవన్నీ దాటినా చల్లారేటప్పుడు అది సిమెంట్‌కన్నా బాగా ఎక్కువ కుంచించుకుపోతుంది, ఉక్కుకి అంటుకోదు (పాలిథీన్ డబ్బాకి జిగురు ఎందుకు పట్టదో అదే కారణం), బరువు మీద పడితే ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుంది. కాబట్టి కరిగించి పోయడం కాదు, ముందు ద్రవంగా ఉండి బావిలోకి వెళ్ళాక రసాయన చర్యతో గట్టిపడి మళ్ళీ కరగనిది కావాలి. అదే థర్మోసెట్ రెసిన్. ఎపాక్సీ, పాలియెస్టర్ రెసిన్ ఈ జాతే.

ప్రశ్న: మేడమ్, మరి సీసా రెసిన్‌గా మారేదెలా? మారాక కూడా అది ప్లాస్టిక్కేనా? – గృహిణి, సైన్స్ టీచర్

జవాబు: ప్లాస్టిక్కే అండీ, అక్కాచెల్లెళ్ళ లాంటి వరస. నీళ్ళ సీసా, కూల్‌డ్రింక్ సీసా పెట్ అనే పాలియెస్టర్. దాని అణువు పొడవాటి గొలుసు. సీసాలు కడిగి, మూతలూ లేబుళ్ళూ తీసేసి, చిన్న పలుకులుగా కోస్తారు, వీటినే ఫ్లేక్స్ అంటారు. వాటిని గ్లైకాల్ అనే ద్రవంలో వేసి, చర్యని వేగంగా జరిపించే జింక్ ఎసిటేట్ లాంటిది చిటికెడు కలిపి, 190 డిగ్రీల చుట్టుపక్కల గంటలకొద్దీ ఉంచితే గొలుసు ముక్కలు ముక్కలుగా తెగుతుంది. గట్టి పలుకులు మాయమై చిక్కటి ద్రవం మిగులుతుంది. ఆ పొట్టి ముక్కల్ని మలేయిక్ అన్‌హైడ్రైడ్‌తో కలిపి వండితే అన్‌శాచురేటెడ్ పాలియెస్టర్ వస్తుంది. దాన్ని స్టైరీన్ అనే ఘాటైన ద్రవంలో కరిగిస్తే పారే రెసిన్ రెడీ. వాడే ముందు పెరాక్సైడ్ కలిపితే ముక్కల మధ్య అడ్డంగా వంతెనలు పడి, గొలుసులన్నీ కలిసి ఒకే పెద్ద వల అవుతాయి. ఇక కరిగించలేరు.

ఎపాక్సీలోకి పాత ప్లాస్టిక్‌ని తెచ్చే దార్లు వేరే ఉన్నాయి. సీడీల్లో వాడే పాలీకార్బొనేట్‌ని విడగొడితే బిస్‌ఫినాల్ ఎ వస్తుంది, మామూలు ఎపాక్సీకి ముడిసరుకు అదే. లేదూ, పెట్‌ని గ్లైకాల్ బదులు పాలీఅమైన్లతో తెంపితే ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్‌గా పనికొచ్చేది వస్తుంది. చూశారా, ఇక్కడ ఎక్కడా సీసా సీసాగా బావిలోకి పోవట్లేదు. ముందు అణువు దాకా విడగొట్టి, మళ్ళీ కట్టుకు రావాలి. ఖర్చూ, ఇంధనమూ అయ్యేది అక్కడే. ఎవరైనా "ఇన్ని సీసాలు బావిలో వేశాం" అని ప్రకటన ఇస్తే కాస్త నవ్వొస్తుంది.

ప్రశ్న: ప్లాస్టిక్ వెయ్యేళ్ళు కుళ్ళదు అంటారు. అలాంటప్పుడు బావికి అంతకన్నా శాశ్వతమైన మూత ఉంటుందా? నాకైతే ఇదే దీని గొప్ప గుణం అనిపిస్తోంది. – వ్యవసాయశాఖ ఉద్యోగి

జవాబు: ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది.

కుళ్ళకపోవడం వేరు, పాడవకపోవడం వేరు. చెత్తకుప్పలో సీసాని సూక్ష్మజీవులు తినలేవు, అందుకే పడి ఉంటుంది. బావి అడుగున దాన్ని తినేది సూక్ష్మజీవి కాదు, వేడినీళ్ళు. పాలియెస్టర్ అణువులో ఎస్టర్ బంధాలు ఉంటాయి. వేడినీళ్ళు వాటిని మెల్లగా తెంపుతాయి, క్షారం తోడైతే ఇంకా త్వరగా తెంపుతాయి. మరి క్షారం ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కనున్న సిమెంట్ నుంచే! సిమెంట్ రంధ్రాల్లో ఉండే నీటి పీహెచ్ 12.5, 13 దాకా ఉంటుంది. అంటే ఏ సిమెంట్ పగులుని పూడ్చడానికి రెసిన్ పోశామో ఆ సిమెంటే దాన్ని కొరుక్కుతినే అవకాశం ఉంది. సీసాని గ్లైకాల్‌తో తెంపాం అని పైన టీచర్ గారికి చెప్పాను కదా, అదే సులువు ఇక్కడ శత్రువవుతుంది. తేలిగ్గా విడగొట్టగలిగిన బంధం బావిలోనూ తేలిగ్గానే విడిపోతుంది.

ఈ లెక్కన చూస్తే పెట్ నుంచి నేరుగా వచ్చిన పాలియెస్టర్ రెసిన్ మీద నాకు నమ్మకం తక్కువ. లోతు తక్కువ, వేడి తక్కువ ఉన్న బావుల్లో చూడొచ్చేమో. అమైన్‌తో గట్టిపడే ఎపాక్సీలో ఎస్టర్ బంధాలు ఉండవు కాబట్టి క్షారాన్ని బాగా ఓర్చుకుంటుంది. రీసైకిల్డ్ సరుకు కావాలంటే ఆ దారిలో వెతకాలి. అక్కడా ఒక చిక్కుంది. ఏ రెసిన్‌కైనా ఓ ఉష్ణోగ్రత దాటాక గాజులా ఉన్నది రబ్బరులా మెత్తబడుతుంది. మూడు కిలోమీటర్ల లోతంటే పైనున్న వేడికి ఇంకో 75 నుంచి 90 డిగ్రీలు కలుపుకోండి, అంటే నూరు డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. మామూలు రెసిన్లు చాలావరకు ఆ పరిసరాల్లోనే మెత్తబడతాయి. నీళ్ళు పీల్చుకున్నాక ఆ గీత ఇంకాస్త కిందికి దిగుతుంది.

నార్వేలో బావుల భద్రతకి నార్సోక్ డి-010 అనే ప్రమాణం ఉంది. శాశ్వతంగా మూసే పదార్థం ఎలా ఉండాలో అందులో రాసుకున్నారు: గ్యాసు, ద్రవం చొరబడకూడదు, కుంచించుకోకూడదు, పెళుసుగా ఉండకూడదు, రసాయనాలకి తట్టుకోవాలి, ఉక్కుకి పట్టి ఉండాలి, దీర్ఘకాలం నిలవాలి. దీర్ఘకాలం అంటే కాంట్రాక్టు గడువు కాదు, అనంతకాలం అన్న దృష్టితో ఆలోచించమని వాళ్ళ మాట. నిజం చెప్పాలంటే ఈ జాబితాలో సిమెంట్ కూడా రెండుచోట్ల తప్పుతుంది, కుంచించుకుంటుంది, పెళుసుది. చొరబడనివ్వకపోవడంలో, వంగడంలో రెసిన్‌కి మంచి మార్కులు పడతాయి. ఆఖరి పరీక్ష దగ్గరే టెన్షన్.

మరి అన్నేళ్ళు ఆగి చూడలేం కాబట్టి ల్యాబులో ఎక్కువ వేడిలో ఉంచి, అది త్వరగా ముసలిదయ్యేలా చేసి, ఆ వేగాన్నిబట్టి అసలు ఆయుష్షు లెక్కగడతారు. పద్ధతి మంచిదే. కాకపోతే తొందరపడి మెత్తబడే ఉష్ణోగ్రత దాటించేస్తే లోపల జరిగే చర్యే మారిపోతుంది, ఆ లెక్క బావికి వర్తించదు. రిపోర్టులో "ఇన్నేళ్ళు గ్యారంటీ" అని కనపడితే ఎన్ని డిగ్రీల దగ్గర, ఏ నీళ్ళలో పరీక్షించారో ముందు చూడండి.

ప్రశ్న: ప్రపంచంలో ఉన్న ప్లాస్టిక్ చెత్తంతా ఇలా భూమిలోకి పంపేస్తే పీడా వదులుతుంది కదా? – పేరు రాయని పాఠకుడు

జవాబు: లెక్క చూస్తే ఆశ చల్లారిపోతుంది. గొట్టం లోపల 30 మీటర్ల పొడవున రెసిన్ బిరడా వేశామనుకోండి. 7 అంగుళాల కేసింగ్‌లో అది దాదాపు 600 లీటర్లు, సుమారు 700 కిలోలు. లక్ష బావులు మూస్తే 70,000 టన్నులు. సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థం 35 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే లక్ష బావులు మింగేది రెండు గంటల చెత్త కూడా కాదు. అదీ రెసిన్ నూటికి నూరుపాళ్ళూ పాత ప్లాస్టిక్ అనుకుంటే. స్టైరీనూ హార్డెనరూ కొత్తగా కొనాల్సిందే కాబట్టి నిజానికి ఇంకా తక్కువ.

2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థంలో రీసైకిల్ అయింది 9 శాతమే అని 2017లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ సమస్య బావులతో తీరదు. బావిని బావి కోసమే మూయాలి. దానికి పెట్టే పదార్థం పాత సీసాలోంచి వచ్చిందా, రిఫైనరీ నుంచి వచ్చిందా అన్నది రెండో ప్రశ్న. ముందు బిరడా ఆగాలి. లీకైతే కారే మీథేన్ ముందు, మనం రీసైకిల్ చేసి మిగిల్చిన కార్బన్ ఏ మూలకీ రాదు.

ప్రశ్న: మా పొలంలో ఎండిపోయిన బోరు ఉంది. ఈ రెసిన్‌తో మూయించొచ్చా? – రైతు

జవాబు: వద్దండీ. అందులో గ్యాస్ ప్రెజర్ ఏమీ లేదు, ఉన్నదల్లా మంచినీటి పొర. సరిగ్గా గట్టిపడని రెసిన్ నుంచి స్టైరీన్, బిస్‌ఫినాల్ ఎ, అమైన్లు నీళ్ళలోకి దిగే ప్రమాదం ఉంది. నీటి బోర్లకి బెంటొనైట్ బంకమన్ను, సిమెంట్ చాలు. అది కుదిరేదాకా నోటికి గట్టి మూత బిగించండి, పిల్లలు తిరిగే చోటైతే ఈరోజే.

ప్రశ్న: నేను బావుల మరమ్మతు చేసే కంపెనీలో కొనుగోళ్ళు చూస్తాను. "పర్యావరణహిత రీసైకిల్డ్ రెసిన్" అంటూ ఓ సప్లయర్ వెంటపడుతున్నాడు. బ్రోషర్ నిండా ఆకుపచ్చ ఆకులే. ఏమేం అడగమంటారు? – పేరు వద్దన్నారు

జవాబు: ఆకులు పక్కనపెట్టి ముందు ఒకే మాట అడగండి: గట్టిపడ్డాక కిలో రెసిన్‌లో పాత ప్లాస్టిక్ నుంచి వచ్చింది ఎన్ని గ్రాములు? అది జనం వాడి పారేసినదా, ఫ్యాక్టరీలో మిగిలిన అంచుముక్కలా? కొందరు మొత్తం కంపెనీ వాడిన పాత సరుకుని కాగితం మీద ఒకే ఉత్పత్తికి రాసేసుకుంటారు. దాన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు, చట్టవిరుద్ధం కాదు, కానీ మీ డబ్బాలో ఏముందో అది చెప్పదు.

ఆ తర్వాత మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా. పాత సీసాల్లో రంగులుంటాయి, తడి ఉంటుంది, ఎక్కడో ఓ పీవీసీ ముక్క కలుస్తుంది. గొలుసులు ఒక్కోసారి ఒక్కోలా తెగుతాయి. పడవలో, బొమ్మలో వాడే రెసిన్ పది నిమిషాలు ముందో వెనకో గట్టిపడితే ఫర్వాలేదు. బావిలో పైనుంచి కిందికి చేరడానికే గంటలు పట్టొచ్చు. ముందే గట్టిపడిందా, పనిచేసే గొట్టం లోపలే బిగుసుకుపోయి లక్షల ఖరీదైన పరికరం బావిలో ఇరుక్కుంటుంది. ఆలస్యమైందా, గ్యాసు దాంట్లోంచి బుడగలుగా వచ్చి దారులు చేసేస్తుంది. కాబట్టి మీ బావి వేడిలో, మీ బావి ప్రెజర్‌లో గట్టిపడే సమయం వరుసగా కొన్ని బ్యాచ్‌లకి కొలిచి చూపించమనండి. ఒక్క బ్యాచ్ గ్రాఫ్ చూపిస్తే టీ ఇచ్చి పంపించేయండి.

సాంద్రత కూడా చూసుకోవాలి. సిమెంట్ స్లర్రీ (నీళ్ళు కలిపిన సిమెంట్) నీళ్ళకి దాదాపు 1.9 రెట్లు బరువు, నీళ్ళని తోసుకుంటూ కూర్చుంటుంది. ఉత్త రెసిన్ నీళ్ళకన్నా కొద్దిగానే బరువు, చిక్కటి ఉప్పునీటిలో ఏకంగా తేలుతుంది. బరైట్ అనే బరువైన ఖనిజం పొడి కలిపి బరువు పెంచొచ్చు, కానీ పొడి కలిపామంటే సన్న సందులోకి దూరే గుణం పోగొట్టుకున్నట్టే. ఏ పనికి కొంటున్నారో, పెద్ద బిరడాకా, వెంట్రుక పగులుకా అన్నది ముందే తేల్చుకోండి, రెంటికీ ఒకటే డబ్బా అంటే నమ్మకండి.

పెద్ద బిరడా అయితే ఇంకో బెడద, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి. కప్పులో కలిపినప్పుడు గోరువెచ్చగా ఉండే సరుకే ఆరు వందల లీటర్లు ఒకేచోట ఉంటే మధ్యలో కుతకుతలాడి, చల్లారాక పగుళ్ళు ఇస్తుంది. గట్టిపడేటప్పుడు ఎంత కుంచించుకుంటుందో కూడా రాయించుకోండి. పాలియెస్టర్ రెసిన్లు ఈ విషయంలో ఎపాక్సీకన్నా బాగా అధ్వాన్నం, 5 నుంచి 8 శాతం దాకా ఘనపరిమాణం తగ్గుతాయి. సిమెంట్ కుంచించుకుంటోందని రెసిన్‌కి వెళ్ళి అంతకన్నా ఎక్కువ కుంచించుకునేది కొనుక్కోవడం ఏం తెలివి?

చివరిగా, శుభ్రమైన ఉక్కు ముక్క మీద చేసిన అతుకు పరీక్ష చూసి మురిసిపోకండి. మీ గొట్టం లోపల నూనె, మైనం, తుప్పు, తవ్వేటప్పుడు వాడిన పాత బురద (మడ్) అన్నీ పూసుకుని ఉంటాయి. మురికి గొట్టం ముక్క మీరే పంపించి, దాంట్లో పోసి, గ్యాస్ ప్రెజర్ పెట్టి చూపించమనండి.

ప్రశ్న: ఇంతా చేసి మూసింది నిజంగా మూసుకుందో లేదో ఎలా తెలుస్తుంది? కిలోమీటర్ల లోతులో ఎవరు చూడొచ్చారు? – పాలిటెక్నిక్ విద్యార్థి

జవాబు: గొట్టం లోపలి బిరడాకి దారుంది. పైనుంచి పైపు దించి దాని మీద బరువు మోపుతారు, జారితే తెలిసిపోతుంది. పైన ప్రెజర్ పెంచి నిలబడుతోందా చూస్తారు, తర్వాత పైన ప్రెజర్ తగ్గించి కిందనుంచి ఏమైనా తోసుకొస్తోందా చూస్తారు. ఈ రెండో పరీక్ష ఫలితాన్ని తప్పుగా చదివితే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ మీద చూశాం. అడుగున పోసిన సిమెంట్ గ్యాసుని ఆపలేదు, పరీక్షలో వచ్చిన తేడాని సర్దిచెప్పుకున్నారు, 11 మంది చనిపోయారు. గొట్టం వెలుపలి సందు సంగతికొస్తే గొట్టంలోకి పరికరం దించి శబ్ద తరంగాలతో చేసే కొలత ఉంది, లాగింగ్ అంటారు. కానీ వెంట్రుకంత రెసిన్ పొరని అది ఖచ్చితంగా పట్టిస్తుందని చెప్పలేం. పైన గేజీలో ప్రెజర్ మళ్ళీ పేరుకుంటోందా అని నెలల తరబడి కనిపెట్టుకుని ఉండడమే ఆధారం.

ప్రశ్న: మేడమ్, నేను కెమికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. దీని మీదే ప్రాజెక్ట్ చెయ్యాలనుంది. మా కాలేజీలో పెద్ద ప్రెజర్ పరికరాలు లేవు. ఎక్కడ మొదలుపెట్టను? – విద్యార్థిని

జవాబు: ప్రెజర్ పరికరాలు లేకపోతే మానె, అందరూ తప్పించుకు తిరిగే పరీక్ష మీరు చెయ్యండి. పెట్ నుంచి తీసిన పాలియెస్టర్ రెసిన్‌తోనూ, బజారులో దొరికే ఎపాక్సీతోనూ ఒకే సైజు బిళ్ళలు పోసుకోండి. సగం మామూలు నీళ్ళలో, సగం సున్నపు తేటలో (సిమెంట్ క్షారానికి బదులు), మూత బిగించిన సీసాల్లో వేసి ఓవెన్‌లో 60, 80 డిగ్రీల దగ్గర ఉంచండి. వారానికోసారి తీసి తుడిచి తూకం వెయ్యండి, గట్టిదనం కొలవండి. మొదట్లో బరువు పెరుగుతుంది, నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి. ఆ తర్వాత తగ్గడం మొదలైతే అది కరిగిపోతున్నట్టు, అదే మీ అసలు ఫలితం. ఓపిక ఉంటే చిన్న ఉక్కు గొట్టం ముక్కలో పోసి గట్టిపడ్డాక రంగునీళ్ళు పైన పోసి, అంచువెంట దిగుతున్నాయేమో కూడా చూడండి. పెద్ద పేపర్లలో బలం గురించి పేజీలకు పేజీలు దొరుకుతాయి, మీ ఫలితం వాటి పక్కన చిన్నగా కనపడినా సిగ్గుపడొద్దు.

ఒక్క జాగ్రత్త. స్టైరీన్ ఘాటు తలకెక్కుతుంది, ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తియ్యొద్దు. పాలియెస్టర్‌ని గట్టిపరిచే పెరాక్సైడ్‌నీ, దాన్ని వేగంగా పనిచేయించే కోబాల్ట్ ద్రావణాన్నీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఒకదాంట్లో ఒకటి నేరుగా పోయకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే వేరే చెంచాతో పెరాక్సైడ్ వెయ్యండి. మీ ల్యాబ్ అసిస్టెంట్‌కి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.